గ్లాసు కింద పెట్టిన చోట

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను మొదట అడిగేది ఏ రికార్డరు కొనాలని. ఏదైనా కొనండి, అన్నీ పనిచేస్తాయి. తర్వాత జీతం ఎంతని అడుగుతారు. అది చెబితే సగం మంది అక్కడే లేచిపోతారు. మిగిలినవాళ్ళు కూడా అడగని ప్రశ్న ఒకటుంది: విన్నదంతా మోసుకుని సాయంత్రం ఎవరి దగ్గరికి వెళ్ళాలని. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. కానీ ఉద్యోగం అయిపోయింది, ఇక్కడ ఉండటానికిచ్చే ఇఖామా గడువు కూడా దగ్గరపడింది, కువైట్‌లో అబూ హలీఫాలోని ఈ ఫ్లాటులో సామాను సగం సర్దేశాను. ఇప్పుడు రాయకపోతే ఇంకెప్పుడూ రాయను.

నా పేరు విమల. మాది ప్రొద్దుటూరు. పెళ్ళికి ముందు భజన పాటల క్యాసెట్లు కాపీ చేసే స్టూడియోలో పనిచేశాను. గొంతులో జీర ఏదో, టేపులో జీర ఏదో నాకు అక్కడే తెలిసింది. మా ఆయన షుఐబాలో ఒక కాంట్రాక్టు కంపెనీలో వెల్డింగు పనులు తనిఖీ చేసేవారు. ఆయన వెనకాలే కువైట్ వచ్చి, కొన్నాళ్ళు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుని, చివరికి రిగ్గైలో ఒక ఫ్లాటులో నడిచే సాక్ష్యాల సేకరణలో చేరాను.

జాతి పేరుతోనో, మతం పేరుతోనో, భాష పేరుతోనో ఊళ్ళకు ఊళ్ళను తుడిచిపెట్టిన చోట్ల నుంచి ప్రాణాలతో బయటపడినవాళ్ళు కువైట్‌లో ఉన్నారు. రొట్టెలు కాలుస్తూ, కార్లు బాగుచేస్తూ, బడులు ఊడుస్తూ మన మధ్యే తిరుగుతుంటారు. వాళ్ళ సాక్ష్యాలు రికార్డు చేయడం, చెడిపోకుండా దాచడం, బడులకు తీసుకెళ్ళి పిల్లలకు వినిపించి పాఠం చెప్పడం మా పని. ఆ ఫ్లాటు ఒక కువైటీ మేడమ్‌ది. ఇరాక్ దురాక్రమణ నాడు ఆమె తమ్ముణ్ణి ఇంట్లోంచి తీసుకెళ్ళారు. ఎముక కూడా తిరిగి రాలేదు. ఫ్లాటు మాకిచ్చిందే గాని, ఆమె ఏనాడూ అందులో అడుగుపెట్టలేదు. ఎందుకని మేమూ అడగలేదు.

పనంతా నడిపింది డాక్టర్ రఘురాం గారు. హైదరాబాదు మనిషి. ఆసుపత్రిలో ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలూ శుక్రవారాలూ మాకిచ్చేవారు. నాకు వినడం నేర్పింది ఆయనే. నేను ఎదురు తిరిగిందీ ఆయనకే.

మేకల కథ

మొదటి ఏడాది నాకు బుద్ధి చెప్పింది ఒక కుర్దు ముసలాయన. ఇరాక్ ఉత్తరాన కుర్దుల పల్లెలను సైన్యం నేలమట్టం చేసిన రోజుల్లో ఇంటిల్లిపాదీ పోయి ఒక్కడే మిగిలాడు. ఇక్కడ తందూరు రొట్టెల దుకాణంలో పనిచేసేవాడు. రెండు పూటలు కూర్చోబెడితే రెండు పూటలూ మేకల గురించే చెప్పాడు. ఏది ఎలా అరిచేది, ఏది పాలు పిండబోతే తన్నేది. దుబాసీ కూడా ఆవులించాడు. నేను గడియారం చూసుకున్నాను.

డాక్టర్ గారు అది గమనించి, ముసలాయన వెళ్ళాక అన్నారు, "ఆయన చెప్తనే ఉన్నడు విమలమ్మా. మనమే ఇంకా వింటలేం."

మూడో పూట తెలిసింది. లారీలు ఊళ్ళోకి వచ్చిన రోజున ఆ తన్నే మేక తప్పిపోయింది. దాన్ని వెతుకుతూ ఆయన కొండెక్కాడు. దిగి వచ్చేసరికి ఊళ్ళో ఎవరూ లేరు. మేకల సంగతి లేకుండా ఆయన బతికిన సంగతి లేదు.

ఇప్పటి పిల్లలకు కంప్యూటర్లు చేతికొచ్చాయి. ఏసీ చప్పుడు తీసేస్తారు, దగ్గు తీసేస్తారు, పనిలో పనిగా మౌనం కూడా తీసేసి గంటన్నర సాక్ష్యాన్ని అరగంట చేసి చూపిస్తారు. ఏసీ చప్పుడు తీసుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. మౌనాన్ని మాత్రం ముట్టుకోవద్దు. దాని కింద ఏడుపు సంగీతం పెడదామనేవాణ్ణి గదిలోకే రానివ్వొద్దు. ఇక క్లాసులో "ఆ స్థానంలో మీరుంటే ఏం చేసేవాళ్ళో రాయండి" అని పిల్లలకు పని పెట్టే టీచర్లున్నారు. మహా దొడ్డ మనసుతోనే పెడతారు. ఆ స్థానంలో ఉన్న మనిషి ఏం చేసిందో ముందు పూర్తిగా విననివ్వండి తల్లీ, తర్వాత మీ సంగతి చూద్దాం.

డాక్టర్ గారి ఉర్దూ

డాక్టర్ గారి ఉర్దూ తేనెలా ఉండేది. మా బిల్డింగు కింద లాహోరు దర్జీ ఒకాయన, కేవలం ఆయన మాట వినడానికే పిలిచి టీ ఇప్పించేవాడు. కువైట్‌లో మన దేశం వాళ్ళకూ, చుట్టుపక్కల దేశాల వాళ్ళకూ హిందీయో ఉర్దూయో కలిపి మాట్లాడుకోవడం అలవాటే. టాక్సీలో అదే, బకాలా కొట్లో అదే. అందుకని ఆ వైపు వాళ్ళు ఎవరొచ్చినా మా దగ్గర మాట ఉర్దూలోనే మొదలయ్యేది. ఆయన ముందుకు వంగి, ఎంతో మెత్తగా, "డరియే మత్. ఆరామ్ సే ఫర్మాయియే," అనేవారు. భయపడకండి, నెమ్మదిగా సెలవివ్వండి అని. ఆ మాటకు ఎంతోమంది మనసు విప్పారు.

రహేలా ఆపా అలాగే ఒక శుక్రవారం వచ్చింది. ఆపా అంటే అక్క, బెంగాలీ ముస్లింలు అలాగే పిలుచుకుంటారు. ఆమెది బంగ్లాదేశ్. ఇక్కడ ఒక ఇండియన్ స్కూల్లో ఫరాషా, అంటే టీలు పెట్టి, గదులు ఊడ్చి, చిన్నపిల్లల్ని వరుసలో నడిపించే ఆయా. డెబ్బై ఒకటిలో ఆమె ఊరి మీద పాకిస్తాన్ సైన్యం పడ్డప్పుడు చిన్నపిల్ల. మంచి చీర కట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. డాక్టర్ గారు ముందుకు వంగి ఎప్పటి మాటే అన్నారు.

ఆమె ఆయన మొహంలోకి చూసింది. లేచింది. గుమ్మం దగ్గర చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగిపోయింది.

ఆ చెప్పులు పట్టుకుని నేను వెనకాల పరిగెత్తాను. రెండో అంతస్తు దగ్గర అందుకుని నాకొచ్చిన హిందీలో అడిగాను, "క్యా హువా ఆపా? సార్ బహుత్ అచ్ఛా ఆద్మీ హై. తుమ్ కాయ్‌కు డర్తా?" ఏమైంది, సార్ చాలా మంచివారు, నీకు భయమెందుకు అని. కడప హిందీకి కువైట్ హిందీ తోడైతే ఇంకెలా ఉంటుంది. ఆమె కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

"నీ హిందీ నాకంటే అధ్వాన్నం దీదీ," అంది. చెప్పులు వేసుకుని కాసేపు నిలబడి, "నీకైతే చెప్తాను. ఆయన వద్దు," అంది.

మగవాళ్ళంటే భయం కాబోలని మేమందరం అనుకున్నాం. డాక్టర్ గారూ అదే అనుకుని ఆ పూట నుంచి గదిలోకి రాలేదు. అసలు సంగతి మా ఎవరి బుర్రకూ తట్టలేదు. అందరినీ కలిపే భాషని మేము మురిసిపోయేది కొందరికి ఇంకో విధంగా వినపడుతుందని తట్టాలంటే, ఆ భాషతో మనకు ఏదో ఒక చేదు ఉండాలి. మాకు లేదు.

ఆమె తన సాక్ష్యం బెంగాలీలో చెప్పింది. నాకు ఒక్క ముక్క రాదు. "అందుకే నీకు చెప్పగలను. చెబుతుంటే నీ మొహం మారదు," అంది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆమె ఊపిరి ఎక్కడ ఆగుతోందో చూస్తూ కూర్చున్నాను. చేతికి అందేంత దూరంలో ఒక మనిషి తన బతుకులో అన్నిటికంటే పెద్ద సంగతి చెబుతుంటే, అదేమిటో తెలియకుండా తల ఊపుతూ కూర్చోవడం కంటే ఒంటరి పని నేను ఎరగను.

తర్జుమా వచ్చాక తెలిసింది. సైనికులు ఊళ్ళోకి రాగానే తొమ్మిదేళ్ళ రహేలా, ఐదేళ్ళ చెల్లెలు టునీ ఇంటి వెనక చెరువులో దిగి, గుర్రపుడెక్క ఆకుల కింద ముక్కు వరకు మునిగి దాక్కున్నారు. గట్టు మీదికి ఒకడు వచ్చాడు. వాడు అరవలేదు. ఎంతో మెత్తగా, "డరో మత్ బేటీ, బాహర్ ఆ జావో," అన్నాడు. భయపడకు తల్లీ, బయటికి రా అని. బజార్లో ఉర్దూ మాట్లాడే కొట్టాయన ఒకడు టునీకి రోజూ బెల్లం ముక్క పెట్టేవాడు. ఆ పిల్లకు ఆ మాటలంటే బెల్లమే. అక్క చేతిలోంచి చేయి లాక్కుంది. లాక్కుంటుంటే రహేలా గట్టిగా పట్టుకోలేదు. పట్టుకుంటే నీళ్ళు కదులుతాయి.

డాక్టర్ గారు ఆ కాగితం చదివి కళ్ళజోడు తీసేశారు. "నా నోట్లకెళ్ళి గూడ గదే మాట వచ్చింది కదమ్మా," అన్నారు. తర్వాత ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. కింద దర్జీతో మాత్రం ఎప్పటిలాగే ఉర్దూ మాట్లాడుకున్నారు, అందులో ఆ దర్జీ తప్పేముంది. మా పద్ధతి మాత్రం మారింది. ఏ భాషలో చెబుతారు, ఏ భాష వినలేరు అన్నది గుమ్మంలోనే అడగడం నేర్చుకున్నాం. మనం జాలిగా మాట్లాడితే చాలు, అది జాలిగానే చేరుతుందనుకోవడం మా పనిలో పెద్ద అజ్ఞానం.

గ్లాసు

మా దగ్గర ఒక ఆచారం ఉండేది. రికార్డు చేసిన వారానికి ఆ మనిషిని మళ్ళీ పిలిచి, మొదటి నుంచి చివరి దాకా వినిపించేవాళ్ళం. ఇక్కడి వాళ్ళు ఇస్తికానా అంటారే, నడుము సన్నగా ఉండే చిన్న గాజు గ్లాసు, అందులో టీ పోసి చేతికిచ్చేవాళ్ళం. వింటూ తాగుతారు. బయటివాళ్ళు వినకూడదనుకున్న చోటు రాగానే గ్లాసు కింద పెడతారు. మళ్ళీ చేతిలోకి తీసుకునేవరకు ఉన్న భాగాన్ని దాస్తాం గాని ఎక్కడా వినిపించం. ఆ మనిషే వచ్చి వినిపించమంటే తప్ప. కాగితాలూ సంతకాలూ అంటే బెదిరేవాళ్ళకు ఇది సులువుగా అర్థమయ్యేది. దీన్ని మొదలుపెట్టింది మేకల కుర్దు ఆయనే. కూతురి పేరు రాగానే గ్లాసు కింద పెట్టి తల అడ్డంగా ఊపాడు. మేము దాన్ని పట్టుకున్నాం.

రహేలా ఆపా హాయిగానే వినడం మొదలుపెట్టింది. టునీ పచ్చిమామిడి కలపందే అన్నం తినదని, అలిగితే మంచం కిందికి దూరుతుందని తన గొంతే చెబుతుంటే, ఎవరో చెబుతున్నట్టు విని నవ్వింది. గట్టు మీది మనిషి మాట రాగానే గ్లాసు కింద పెట్టేసింది. చివరి దాకా తీయలేదు. టీ చల్లారిపోయింది.

"నా కొడుకు ఇక్కడే, షుఐబా పోర్టులో పనిచేస్తాడు," అంది. "చిన్నమ్మ జ్వరంతో పోయిందని వాడికి చెప్పాను. నేను చేయి వదిలానని వాడికి తెలియకూడదు దీదీ."

"మరి ఎందుకు చెప్పడానికి వచ్చినావు ఆపా?"

"నేను పోతే టునీ అనే పిల్ల ఒకతి ఉండేదని చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. మామిడికాయ సంగతి ఉంచు. చెరువు సంగతి వద్దు."

ఆ తర్వాత నేను ఆమెకు అక్కర్లేకుండా పోయాను. అబూ హలీఫా కోఆపరేటివ్‌లో ఒకసారి వరుసలో నా ముందు ఉంది. వెనక్కి తిరిగి నన్ను చూసి, టమాటాలు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. వాళ్ళ స్కూలుకు పాఠాలకని వెళ్తే వరండాలో మొహం తిప్పుకునేది. నాకు మనసు బాగా నొచ్చింది. ఒకసారి ఆపి అడిగేశాను.

"మీ తప్పేం లేదు," అంది నేల చూస్తూ. మెట్ల మీద నన్ను నువ్వు అని పిలిచిన మనిషి మీరు అనడంలోకి వెళ్ళిపోయింది. "మీ మొహం చూస్తే నాకు చెరువు కనిపిస్తుంది."

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను మరీ మరీ చెప్పేది ఇదే. మీకు అన్నీ చెప్పుకున్న మనిషి మీకు ఆప్తురాలు అవుతుందనుకోకండి. చాలామంది అవరు. తమ కష్టం దాచుకున్న బీరువాను ఎవరు మాత్రం నట్టింట్లో పెట్టుకుంటారు. అది తెలిసి రండి.

తాళం

రెండేళ్ళ తర్వాత టీచర్లకు ఒక సభ పెట్టారు. రహేలా ఆపా సాక్ష్యంలో ఆ చెరువు భాగం వినిపిద్దామన్నారు డాక్టర్ గారు. నేను ఇవ్వనన్నాను.

"అసలు సంగతంత ఆ ఒక్క నిమిషంలనే ఉందమ్మా. తుపాకులు, తగలబెట్టుడు అందరు చెప్తరు. మంచి మాటతోటి గూడ చంపుతరని చెప్పేది గిదొక్కటే. గది పిల్లలకు తెల్వొద్దా?"

"తెలియాల సార్. కానీ ఆమె గ్లాసు పెట్టేసినాది. కొడుకు ఈ ఊర్లోనే ఉండాడు."

"గొంతు మారుస్తం. పేర్లు తీసేస్తం."

"టునీ పేరు తీసేస్తే ఇంగ ఆమె వచ్చిందే దేనికి సార్?"

ఆయన అన్నారు, "తాళమేసి దాస్తనే ఉండు. మనం పోయినంక ఆ తాళం తీసెటోడు ఎవడు? ఇట్ల దాచుడుకు, మర్చిపోవుడుకు తేడా ఏంది?"

ఆయన సగం సరి. మా దగ్గర దాచినవి దాచినట్టే చాలా ఉన్నాయి, వాటిని తెరవమని చెప్పాల్సిన మనుషులు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. అయినా ఇవ్వలేదు. సభ ఆ భాగం లేకుండానే జరిగింది. ఆయన చాలా రోజులు నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. హైదరాబాదు తిరిగి వెళ్ళేనాటికి కూడా ఒప్పుకోలేదు. ఇది చదివినా ఒప్పుకోరు.

ఇల్లు

మొదట్లో విన్నవి ఇంట్లో చెప్పేదాన్ని. ఒకరోజు మా ఆయన అన్నం ముందు చేయి ఆపి అన్నారు, "ఏమే, నువ్వు వినింది నీ కాడే పెట్టుకో. నాది పొద్దున్నే ట్యాంకుల మీదికెక్కే పని. అవన్నీ తలకాయలో పెట్టుకోని ఎక్కితే కాలు జారతాది." న్యాయమైన మాటే. అప్పటి నుంచి చెప్పలేదు. సాయంత్రం వచ్చి, బియ్యం కడిగి, టీవీ పెట్టుకుని ఇద్దరం కూర్చునేవాళ్ళం. నేను ఏదో దాచుకున్నానని ఆయనకు తెలుసు. తెలుసని నాకూ తెలుసు. ఆ రోజుల్లో అదే ఒంటరితనం అనుకున్నాను.

ఆయన పోయాక అసలుది తెలిసింది. చెప్పొద్దనే మనిషి కూడా లేని ఇల్లు వేరు. ఇప్పుడు ఎంత గట్టిగా చెప్పుకున్నా ఎవరూ వద్దనరు. గోడ అవతల ఫిలిప్పీన్ పిల్లలు పాటలు పాడుకుంటారు, కిటికీలోంచి రెండు బిల్డింగుల మధ్య ఇంత సముద్రం కనిపిస్తుంది. ఎవరితోనైనా మాట్లాడండి అని చెప్పడం తేలిక. ఎవరితో అన్నదే కష్టం. ఈ పని చేసేవాళ్ళు కనీసం ఇద్దరుగా చేరండి, ఇద్దరూ ఒకే టేపు వినండి. నాకు అది దొరకలేదు.

చివరి క్లాసు

నా చివరి పాఠం రహేలా ఆపా పనిచేసే స్కూల్లోనే పడింది. తొమ్మిదో తరగతి. ఆమె సాక్ష్యం మొదటి భాగం వినిపించవచ్చా అని హెడ్‌మిస్ట్రెస్ ద్వారా కబురు పెట్టాను, ఎవరిదో బయటపెట్టనని కూడా చెప్పించాను. ఆమె ఒక్క మాటే పంపింది: గ్లాసు దాకా.

పేరు చెప్పకుండా వినిపించాను. బెంగాలీలో గొంతు వస్తుంటే పక్కన ఇంగ్లీషు నేను చదివాను. ఆ గొంతును పిల్లలు గుర్తుపడతారేమోనని మొదట్లో భయపడ్డాను. గుర్తుపట్టలేదు. ఇన్నేళ్ళూ ఆమె నోట వాళ్ళు విన్నది "లైన్‌లో నిలబడండి, తడి ఉంది, జాగ్రత్త" అన్న నాలుగు మాటలే. టునీ అలిగి మంచం కింద దూరిందంటే క్లాసంతా నవ్వింది. అప్పుడే రహేలా ఆపా టీ ట్రే పట్టుకుని గుమ్మంలోకి వచ్చి అక్కడే ఆగిపోయింది. ముందు బెంచీలో ఉన్న బెంగాలీ పిల్ల ఒక్కతే ఒకసారి ల్యాప్‌టాప్ వైపు, ఒకసారి గుమ్మం వైపు చూసింది.

గట్టు మీది మనిషి మాటకు ముందే ఆపేశాను.

"తర్వాత ఏమైంది మేడమ్?" అని అడిగారు.

"చెప్పినామె ఇంతవరకే వినిపించమన్నారు," అన్నాను. ఎప్పుడూ చెప్పే జవాబే.

"చలావో, దీదీ," అంది ఆమె గుమ్మంలోంచి, వినిపించు అని.

క్లాసంతా తిరిగి చూసింది. లేచి ఆమె దగ్గరికి వెళ్ళి, ఆమెకు మాత్రమే వినపడేలా, "కొడుకు?" అన్నాను.

"నిన్న సాయంత్రం వాడికి నేనే చెప్పాను. అంతా విన్నాడు. లేచి వెళ్ళి నాకు టీ పెట్టుకొచ్చాడు." ట్రేను పక్క బెంచీ మీద పెట్టింది. "తాగాను."

ఇంకోసారి అడిగాను. అడగడం నా పని. "చలావో," అంది మళ్ళీ.

వినిపించాను. నీళ్ళు కదులుతాయి అన్న చోట నేను ఇంగ్లీషు చదవలేకపోయాను. ఆ ముక్కను బెంగాలీ పిల్ల లేచి నిలబడి క్లాసుకు చెప్పింది. టేపు అయిపోయింది. మౌనాన్ని నేను ముట్టుకోలేదు.

ఆ పిల్లే కాసేపటికి బెంగాలీలో ఏదో అడిగింది. ఆపా జవాబు చెప్పింది. ఏమిటన్నట్టు చూశాను. "టునీ చూడ్డానికి ఎలా ఉండేదని అడిగాను మేడమ్," అంది పిల్ల. "అచ్చం ఆపాలాగే ఉండేదట." అంతే, పిల్లలందరూ ఆమె మొహాన్ని చూశారు. ఏళ్ళ తరబడి తమ గది ఊడ్చిన మనిషి మొహంలో ఐదేళ్ళ పిల్లను వెతుక్కుంటూ చూశారు. ఆమె తల దించుకోలేదు.

గంట కొట్టాక అందరూ వెళ్ళిపోయారు. నేను వైర్లు చుట్టుకుంటున్నాను. ఆమె ఎదురుగా వచ్చి నిలబడి నా మొహంలోకి చూసింది. మెట్ల మీద నవ్విన నాటి తర్వాత అలా చూడటం అదే మొదలు.

"ఇప్పుడు ఇంతమందికి తెలుసు," అంది. "చెరువు ఒక్క నీ మొహంలోనే లేదు ఇంక." నా చేతికొక గ్లాసు ఇచ్చి, తనొకటి తీసుకుంది. "వెళ్ళిపోతున్నావట. ఖలాసేనా?"

"ఖలాస్, ఆపా."

ఇద్దరం ఒకే బెంచీ మీద, పిల్లలు కూర్చునే చోట, మోకాళ్ళు ఇరికించుకుని కూర్చున్నాం. టీ అయిపోయింది. అయిపోయాక కూడా ఆమె గ్లాసు కింద పెట్టలేదు.